ఒకే ఏడాది, మూడు నిరుద్యోగ రేట్లు

నిరుద్యోగ రేటు అంటే జనాభాలో పని లేనివాళ్ల శాతం కాదు. పని చేస్తున్నవాళ్లను, పని కోసం చూస్తున్నవాళ్లను కలిపి శ్రామిక శక్తి అంటారు. అందులో పని దొరకనివాళ్లు నూటికి ఎంతమంది అన్నదే ఆ రేటు. చదువుకునే పిల్లలు, పింఛనుతో గడిపే వృద్ధులు, ఇంటిపనికే పరిమితమైన ఆడవాళ్లు ఈ భిన్నంలో లవంలోనూ ఉండరు, హారంలోనూ ఉండరు. ఉద్యోగం పోయినవాడు విసిగిపోయి వెతకడం మానేస్తే అతను కూడా లెక్క నుంచి తప్పుకుంటాడు. దేశంలో కొత్తగా ఒక్క కొలువు రాకపోయినా అలా రేటు తగ్గిపోవచ్చు.

ఈ లెక్క ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి రిజిస్టర్ల నుంచి తీసేది కాదు. అక్కడ పేరు నమోదు చేయించుకున్నవాళ్లలో ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లూ ఉంటారు, పని లేనివాళ్లలో ఆ గడప తొక్కనివాళ్లూ ఉంటారు. అందుకే ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి అడిగే శాంపిల్ సర్వేయే ఆధారం. 1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే ఈ పని చేస్తోంది.

అసలు చిక్కు అడిగే ప్రశ్నలో ఉంది. ఆర్థికవేత్త ఎం.ఎల్. దంత్‌వాలా అధ్యక్షతన వేసిన నిపుణుల సంఘం 1970లో దీన్ని తేల్చి చెప్పింది. సొంత సేద్యం, రోజు కూలి, కులవృత్తులు కలగలిసిన మనలాంటి దేశంలో నిరుద్యోగాన్ని ఒక్క అంకెలో చెప్పడం కుదరదన్నది ఆ సంఘం అభిప్రాయం. ఆ సిఫార్సుల మేరకు 1972-73లో జరిగిన 27వ రౌండు సర్వేలో మూడు రకాల కొలతలు వాడారు.

మొదటిది సాధారణ స్థితి. గడిచిన ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారన్నది ఇందులో చూస్తారు. ఎక్కువ కాలం పని లేకపోయినా, కనీసం 30 రోజులు ఏదైనా అనుబంధ పని చేసినవాళ్లను ఇప్పటి సర్వేల్లో పనివాళ్ల కిందే కలుపుతారు. రెండోది వారపు స్థితి: గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా ఒక గంట పని చేస్తే చాలు, ఆ వారానికి ఉపాధి ఉన్నట్టే. మూడోది రోజువారీ స్థితి. ఇందులో మనుషులను కాక పనిదినాలను లెక్కిస్తారు. రోజును రెండు పూటలుగా విడగొట్టి, నాలుగు గంటలు నిండితే పూర్తి రోజుగా, గంట నుంచి నాలుగు గంటల లోపైతే ఒక పూటగా రాస్తారు.

1972-73లో సాధారణ స్థితి ప్రకారం నిరుద్యోగం 1.6 శాతం, వారపు స్థితి ప్రకారం 4.3 శాతం, రోజువారీ లెక్కన 8.3 శాతం. మూడూ ఒకే సర్వేలో తేలినవే, మూడూ నిజమే. వరినాట్లకు, కలుపుకు, కోతలకు వెళ్లే కూలీ ఏడాది మొత్తం మీద పనిమనిషే. వేసవిలో ఓ వారం అడిగితే మాత్రం ఖాళీగా కనిపించవచ్చు. పని దొరికిన వారంలో కూడా నాలుగు రోజులు చేతులు ముడుచుకుని కూర్చుంటే, ఆ నాలుగు రోజులూ రోజువారీ లెక్కలోనే బయటపడతాయి. 1972లో వానలు ముఖం చాటేశాయన్నది గుర్తుపెట్టుకుంటే, 1.6 శాతం అన్న అంకె పల్లె కష్టాన్ని ఎంత తక్కువ చేసి చూపిందో అర్థమవుతుంది.

తర్వాత దాదాపు ఐదేళ్లకోసారి పెద్ద సర్వేలు జరిగాయి. 2011-12 నాటి 68వ రౌండు వాటిలో చివరిది. 2017 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే ఆవర్తన శ్రామిక శక్తి సర్వే వచ్చింది. దాని తొలి నివేదిక విడుదల ఆలస్యం కావడం పెద్ద వివాదమైంది. 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ సభ్యులు పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. సార్వత్రిక ఎన్నికల ఫలితాల తర్వాత, మే 31న బయటికొచ్చిన నివేదికలో అన్ని వయసులవాళ్లనూ కలిపి నిరుద్యోగం 6.1 శాతంగా ఉంది.

15 ఏళ్లు, ఆపై వయసువారిలో 2017-18లో 6 శాతంగా ఉన్న ఈ రేటు 2023-24 నాటికి 3.2 శాతానికి తగ్గింది. సంబరపడే ముందు అదే నివేదికల్లో మరో వరుస చూడాలి. ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో చేరినవాళ్ల వాటా ఆ ఆరేళ్లలో 23.3 నుంచి 41.7 శాతానికి పెరిగింది. వీళ్లంతా ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ వెళ్లినవాళ్లు కారు. పని చేస్తున్న ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా సొంత పొలంలోనో, ఇంటి కొట్టులోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు. కుటుంబ ఆదాయం చాలక ఇలా పనిలోకి దిగారని కొందరు ఆర్థికవేత్తలంటే, ముందు నుంచీ చేస్తున్న పనినే సర్వే సిబ్బంది ఇప్పుడు సరిగా నమోదు చేస్తున్నారని మరికొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు.

ఈ తేడా ఎంత సన్ననిదో సర్వే కోడ్‌లు చూస్తే తెలుస్తుంది. ఇంటి పొలంలో కలుపు తీసే కోడలు 21వ కోడ్ కిందికి, అంటే పనివాళ్లలోకి వస్తుంది. వంట, పిల్లల పెంపకం మాత్రమే చేస్తే 92. వాటితోపాటు కట్టెలు, పశువుల మేత తెచ్చుకుంటే 93. ఈ రెండు కోడ్‌ల వాళ్లూ శ్రామిక శక్తికి బయటివాళ్లే. ఒకే మనిషి ఒకే రోజున ఈ మూడు పనులూ చేయవచ్చు; ఏ గడిలో పడుతుందో అడిగినవాళ్ల ఓపిక మీద, జవాబు చెప్పినవాళ్ల మాట మీద ఆధారపడుతుంది. పైగా ఇంట్లో తినడానికి పండించే పంటను ఇక్కడ ఉపాధిగానే లెక్కిస్తారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యంలో 2013లో ఆమోదించిన నిర్వచనం ప్రకారం కూలి కోసమో, లాభం కోసమో చేసే పనే ఉపాధి. కాబట్టి దేశాల రేట్లను పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా గమనించాలి.

రాష్ట్రాల మధ్య పోలిక మరీ తికమక పెడుతుంది. 2023-24లో కేరళ నిరుద్యోగం 7.2 శాతం, మధ్యప్రదేశ్‌ది 1 శాతం. కేరళ వెనకబడిందని దీనర్థం కాదు. పూట గడవనివాళ్లు ఖాళీగా ఉండలేరు, ఏ పని దొరికితే అందులో దిగుతారు. చదువు ఉండి, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవాళ్లే తగిన కొలువు కోసం ఎదురుచూడగలరు. 15-29 ఏళ్ల వారిలో దేశవ్యాప్త రేటు 10.2 శాతం ఉండటానికి ఇదొక కారణం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే అభ్యర్థి ‘పని దొరికితే వెళ్తా’నంటే నిరుద్యోగి, ‘పరీక్ష అయ్యేదాకా ఏ పనీ చేయను’ అంటే లెక్కలోనే లేడు.

2025 జనవరి నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ పద్ధతి మారింది. శాంపిల్ ఇళ్లు పెరిగాయి. పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఒకే ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్తున్నారు. నెలవారీ అంకెలు వస్తున్నాయి. మొదటి నెలవారీ బులెటిన్ ప్రకారం ఆ ఏప్రిల్‌లో నిరుద్యోగం 5.1 శాతం. అది వారపు స్థితి లెక్క. ఏడాది లెక్కలోని 3.2తో దాన్ని పోల్చి నిరుద్యోగం పెరిగిందనడం తప్పు. 2023-24 వారపు రేటు 4.9తో పోల్చాలి. అమెరికాలో 1940 నుంచి ఇలాంటి నెలవారీ సర్వే నడుస్తోంది. అక్కడ వెతకడం మానేసినవాళ్లను, పూర్తికాలపు పని దొరక్క కొద్ది గంటలే చేస్తున్నవాళ్లను కూడా కలిపి మరో రేటు విడిగా ప్రకటిస్తారు.

కొత్త పద్ధతిలో శాంపిల్‌ను జిల్లాను ప్రాతిపదికగా తీసుకుని ఎంచుతున్నారు. ఇప్పటిదాకా రాష్ట్రం మొత్తానికి ఒక అంకె వస్తే, అందులో కాలువ నీళ్ల కోనసీమా, బోర్ల మీద బతికే అనంతపురమూ కలిసిపోయేవి.