స్వయం ఉపాధిదారుల వార్ధక్య పొదుపు : భవిష్య నిధి ఖాతా బదిలీ

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొత్తవాడలో సొంత మగ్గంపై వాటిని నేసే వ్యక్తికి మాత్రం నెలజీతం లేదు. యజమాని వాటా కట్టే ఉద్యోగ భవిష్య నిధీ లేదు. వృద్ధాప్యంలో తన పొదుపే తనకు ఆధారం. ఇటువంటి స్వయం ఉపాధిదారులకు అందుబాటులో ఉన్న పథకాలలో 1968 నాటి చట్టంతో ఏర్పడిన ప్రజా భవిష్య నిధి (పి.పి.ఎఫ్.) ముఖ్యమైనది.

ఈ ఖాతాలో ఆర్థిక సంవత్సరానికి కనిష్ఠంగా రూ. 500, గరిష్ఠంగా రూ. 1,50,000 జమచేయవచ్చు. ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుండి గడువు 15 ఏళ్లు. వడ్డీకి, గడువు తీరాక చేతికందే మొత్తానికి ఆదాయపు పన్ను లేదు. అప్పుల నిమిత్తం న్యాయస్థానం ఈ సొమ్మును జప్తు చేయజాలదు. ఆదాయం నిలకడలేని వృత్తులవారికి ఈ రక్షణ పన్ను మినహాయింపు కంటే విలువైనది.

తపాలా కార్యాలయం నుండి బ్యాంకుకు మారదలచినవారు ఖాతాను మూసి కొత్తది తెరవవలసిన పనిలేదు. ఒకరి పేరున ఒకే ఖాతా ఉండాలన్నది నియమం. పాసుపుస్తకంతో బదిలీ దరఖాస్తు సమర్పిస్తే, పాత కార్యాలయమే ఖాతా పత్రాలను, నిల్వ మొత్తాన్ని కొత్త శాఖకు పంపుతుంది. మొదట తెరిచిన తేదీయే కొనసాగుతుంది కనుక గడిచిన ఏళ్లు వృథా కావు.

బదిలీ పూర్తికాక మునుపే మార్చి 31 దాటితే ఆ ఏటి కనీస జమ తప్పిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల ముందు జమచేసి, తరువాత దరఖాస్తు చేయడం మేలు. బదిలీ అనంతరం తొలి తేదీ, నామినీ పేరు, నిల్వ సరిగా నమోదయ్యాయో లేదో సరిచూసుకోవాలి. ఒక్క తేదీ తప్పుపడినా పదిహేనేళ్ల లెక్క మారుతుంది.