బండికీ ఒక ప్యాకింగ్ ఉంటుంది

ప్యాకింగ్ అనే మాట మనలో ఎవరికీ కొత్త కాదు. నాన్నగారికి బదిలీ ఆర్డరు రాగానే అట్టపెట్టెలు, గోనెసంచులు, తాళ్ళు ఇల్లంతా పరుచుకుంటాయి. కానీ మెకానిక్ షెడ్డులో ప్యాకింగ్ అంటే వేరు. ఇంజిన్‌కీ దాని పక్కమూతకీ మధ్య పెట్టే పలుచని పొర అది. పుస్తకాల్లో గాస్కెట్ అని ఉంటుంది. మేము విశాఖపట్నంలో విన్నా, ఖరగ్‌పూర్‌లో విన్నా, ఇప్పుడు కోల్‌కతాలో విన్నా మెకానిక్‌లు మాత్రం ప్యాకింగ్ అనే అన్నారు.

దీని విలువ మా అక్కాతమ్ముళ్ళకు కిందటి వానాకాలంలో తెలిసింది. నాన్నగారి వంద సీసీ బండి వయసులో మా ఇద్దరికంటే పెద్దది. ప్రతి బదిలీకీ పెట్రోలు తీసేసి, గోనెపట్టా చుట్టి, రైలు పార్సిల్‌లో మాతోపాటే వస్తుంది. గార్డెన్ రీచ్ క్వార్టర్స్‌కు వచ్చిన కొన్నాళ్ళకు ఒక ఉదయం దాని కింద నల్లటి మరక కనిపించింది. కుడివైపు క్లచ్ కవరు అంచు నుంచి ఆయిల్ కారుతోంది. దారిలో ఒక మెకానిక్ చిరిగిన ప్యాకింగ్ తీసేసి, దాని బదులు మందంగా గమ్ము పూసి మూత బిగించాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. తరువాత మళ్ళీ కారింది. బ్రేకు పెడల్ మీద ఆయిల్ పడి నాన్నగారి బూటు ఒకసారి జారింది కూడా. అప్పుడు మేము భయపడ్డాం. ఎందుకంటే రోజూ ఆ బండి మీదే తమ్ముడు బడికి వస్తాడు.

అసలు ప్యాకింగ్ ఎందుకు కావాలి? అల్యూమినియం మూత అంచు చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే అందులో గీతలు, గుంటలు కనిపిస్తాయి. అలాంటి రెండు తలాలు ఎంత బిగించినా మధ్యలో సన్నని సందులు మిగులుతాయి. వేడెక్కి పలచబడిన ఆయిల్ వాటిలోంచి బయటికి వస్తుంది. మెత్తని పొర ఒకటి మధ్యలో ఉంటే, బోల్టుల ఒత్తిడికి అది నలిగి ఆ గుంటల్లోకి దూరి సందు మూసేస్తుంది. కుళాయి మరలకు ప్లంబరు దారమో, తెల్లని టేపో చుట్టేది కూడా ఇందుకే.

ఏ చోటికి ఏ ప్యాకింగ్ అన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: అక్కడ వేడి ఎంత, ఒత్తిడి ఎంత, తగిలేది ఆయిలా, పెట్రోలా, నీళ్ళా. క్లచ్ కవరుకు నారతో, రబ్బరు జిగురుతో చేసిన కాగితం ప్యాకింగ్ చాలు. ఇది సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. ఆయిల్ తగిలితే కొంచెం ఉబ్బి ఇంకా బాగా మూస్తుంది. ట్యాపెట్ మూతలకు రబ్బరు రింగులు వేస్తారు. అవి నైట్రైల్ రబ్బరువి కావాలి. మామూలు రబ్బరు ఆయిల్‌లో ఉబ్బి పాడైపోతుంది. సిలిండర్ హెడ్ దగ్గర మంట, పేలుడు ఒత్తిడి ఉంటాయి కాబట్టి అక్కడ లోహపు రేకు ఉన్న ప్యాకింగే నిలుస్తుంది.

ఇక గమ్ము సంగతి. ట్యూబులో వచ్చే సిలికాన్ గమ్ము గాలిలోని తేమతో గట్టిపడుతుంది. చాలా రకాలకు వెనిగర్ వాసన వస్తుంది, అది ఎసిటిక్ ఆమ్లం వాసన. కోల్‌కతా గాలిలో తేమకు కొదవ లేదు కాబట్టి పైపొర త్వరగానే కడుతుంది. లోపలిదాకా గట్టిపడాలంటే దాదాపు 24 గంటలు ఆగాలి. ఈ గమ్ము వేడికి, ఆయిల్‌కు తట్టుకుంటుంది కానీ పెట్రోలుకు నిలవదు. కాబట్టి కార్బురేటర్ దగ్గర వాడకూడదు. ఇంకో రకం గమ్ము గాలి తగలని చోటనే గట్టిపడుతుంది. ప్యాకింగ్ లేకుండా లోహాన్ని లోహంతో కలిపేలా తయారుచేసిన తలాలకు అది వాడతారు.

మా బండికి జరిగిన పొరపాటు ఇక్కడే ఉంది. మల్లిక్ బజార్ నుంచి కొత్త ప్యాకింగ్ తెచ్చాక, మా వీధి చివరి మిస్త్రీ కాకూ మూత విప్పి మమ్మల్ని పిలిచి చూపించాడు. మూత బిగించినప్పుడు ఎక్కువైన గమ్ము బయటికే కాదు, లోపలికి కూడా పొంగింది. ఆ ముక్కలు ఊడి ఆయిల్ జల్లెడకు అతుక్కున్నాయి. జల్లెడ పూర్తిగా మూసుకుంటే ఆయిల్ పైకి చేరక ఇంజిన్ పట్టేసేదే. పైగా కొన్ని ఇంజిన్లలో ప్యాకింగ్ మందాన్ని లెక్కలోకి తీసుకునే లోపలి భాగాల మధ్య ఖాళీ నిర్ణయిస్తారు. దాన్ని తీసేసి గమ్ము పూస్తే ఆ లెక్క తప్పుతుంది.

కాకూ పని చేసిన వరుస ఇది. ముందు గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం చూశాడు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగ్ నుంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. ఆయిల్ రంగు చూశాడు. పాలు కలిపిన టీలా ఉంటే వాననీళ్ళు చేరినట్టే. అట్టముక్క మీద మూత బొమ్మ గీసి, విప్పిన బోల్టులను వాటి స్థానాల్లోనే గుచ్చాడు. పొడవులు వేరు కాబట్టి మారిపోకూడదు. పాత పొరను స్క్రూడ్రైవర్‌తో గీకకుండా, నానబెట్టి ప్లాస్టిక్ ముక్కతో తీశాడు. చాలా పాత ప్యాకింగ్‌లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. స్టీలు స్కేలు అంచున పెట్టి వెలుతురు కనిపిస్తుందేమో చూసి, మూత వంగలేదని నిర్ధారించుకున్నాడు. చివరికి బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా మూడుసార్లు బిగించాడు. ఒకటే ముందు గట్టిగా బిగిస్తే మూత ఒకవైపుకు ఒరుగుతుంది. బలం ఎక్కువైతే అల్యూమినియంలో మర పోతుంది.

ఇంత చిన్న వస్తువుకు ఇంత జాగ్రత్తా అని తమ్ముడు అడిగాడు. అప్పుడు నాన్నగారు ఛాలెంజర్ సంగతి చెప్పారు. 1986 జనవరి 28న ఆ అమెరికా అంతరిక్ష నౌక బయలుదేరిన 73 సెకన్లకే ముక్కలై, అందులోని ఏడుగురూ మరణించారు. రాకెట్ అతుకులోని రబ్బరు రింగు చలికి బిగుసుకుపోయి సందును మూయలేకపోయింది. శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను ఐసు నీళ్ళలో ముంచి అందరి ముందూ ఈ సంగతి చూపించారు.

మా బండి కింద ఇప్పుడు మరక లేదు. అయినా వారానికి ఒకసారి మేమిద్దరం ఆయిల్ పుల్ల తీసి మట్టం చూస్తున్నాం. మీ ఇంట్లో బండి ఉంటే మీరూ చూడండి. ఎక్కడైనా తడి కనిపిస్తే పెద్దవాళ్ళకు చెప్పండి. గమ్ము ట్యూబు కొనే ముందు ఆ చోట అసలు ఏముండాలో అడిగి తెలుసుకోండి. రేపు మళ్ళీ బదిలీ వస్తే మా బండి ఏ ఊరు వెళ్తుందో మాకు తెలియదు. అక్కడి మెకానిక్‌తో ఏం మాట్లాడాలో మాత్రం ఇప్పుడు తెలుసు.