రొయ్య ఎదగాలంటే పెంకు విడవాల్సిందే.. ఆ తాళం ఉన్నది కంటి కాడలో!

మేత పడుతోంది. ఏరేటర్లు తిరుగుతున్నాయి. కరెంటు బిల్లు పెరుగుతోంది. తీరా వల విసిరి చూస్తే కౌంట్ మాత్రం కదలడం లేదు. శ్రీకాకుళం జిల్లా గార, పోలాకి, సంతబొమ్మాళి మొదలుకొని విజయనగరం జిల్లా పూసపాటిరేగ, భోగాపురం వరకు తీరం వెంట వనామీ రొయ్యలు పెంచే రైతులకు ఈ బెంగ కొత్తేమీ కాదు.

కిలోకు 100 తూగితే ఒక్కో రొయ్య 10 గ్రాములు. 50 తూగితే 20 గ్రాములు. ధర పలికేది ఈ కౌంట్ మీదే. మరి రొయ్య ఎదుగుదలను నడిపించేది ఏంటి? మేత ఒక్కటేనా?

చేపలా కాదు.. మెట్లు మెట్లుగా

చేప రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది. రొయ్య, పీతల సంగతి వేరు. వాటి ఒంటి మీద పెంకు సాగదు. అందుకే పాత పెంకు విడిచేసి, నీళ్లు పీల్చుకుని ఒళ్లు ఉబ్బించుకుంటాయి. ఆ సైజు మీదే కొత్త పెంకు గట్టిపడుతుంది. రైతులు మోల్టింగ్ అనేది దీన్నే. పిల్ల రొయ్యలు కొద్ది రోజులకోసారి, పెద్దవి అంతకంటే ఎక్కువ గడువుతో పెంకు విడుస్తాయి.

కళ్లలో ఏముంది?

రొయ్య కళ్లు చిన్న కాడల మీద ఉంటాయి. పెంకు విడవకుండా ఆపే హార్మోన్ ఆ కాడల్లోని గ్రంథి నుంచే వస్తుంది. గుడ్లు పక్వానికి రాకుండా ఆపే హార్మోన్ కూడా అక్కడిదే. కంటి కాడలు తీసేస్తే పీతలు త్వరగా పెంకు విడుస్తాయని శాస్త్రవేత్తలు 1905లోనే గమనించారు. తల్లి రొయ్యకు ఒక కంటి కాడ తీసి గుడ్లు పెట్టించే హేచరీల పద్ధతి వెనుక ఉన్న సూత్రం ఇదే.

తిరుపతిలో పొలం పీతలపై పరిశోధన

ఈ హార్మోన్లపై మన రాష్ట్రంలోనూ లోతైన పరిశోధన జరిగింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి.శ్రీనివాసులు రెడ్డి బృందం వరి పొలాల్లో దొరికే మంచినీటి పీతలను ఎంచుకుంది. మిథైల్ ఫార్నెసోయేట్ అనే రసాయనం ఇంజెక్షన్‌గా ఇస్తే పీతలు త్వరగా పెంకు విడిచాయని, పునరుత్పత్తి అవయవాలు కూడా పెరిగాయని 2004లో ఈ బృందం ప్రచురించింది. మనుషుల్లో నిద్రకు సంబంధించిన మెలటోనిన్ కూడా పీతల్లో మోల్టింగ్‌ను తొందరపెడుతుందని 2010లో తేల్చింది.

అంటే పీత ఒంట్లో ఆపే సంకేతాలు ఉన్నాయి, తోసే సంకేతాలూ ఉన్నాయి. ఆ రెండింటి మధ్య లెక్క కుదిరినప్పుడే ఎదుగుదల.

మరి ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుందా?

లేదు. ఇవి ల్యాబ్ ప్రయోగాలు, చెరువులో వాడే మందులు కావు. పెంకు త్వరగా విడిచినంత మాత్రాన రొయ్య బరువు రాదు. లోపల కండ పట్టాలంటే తిన్నది ఒంటికి పట్టాలి. పెంకు గట్టిపడాలంటే నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఉండాలి. ఉప్పు తక్కువున్న బోరు నీటి చెరువుల్లో ఈ ఖనిజాలు తగ్గితే పెంకు మెత్తగా ఉండిపోతుంది. పెంకు విడిచిన గంటల్లో రొయ్య కదల్లేదు, తోటి రొయ్యలకే ఆహారమైపోతుంది. ఆక్సిజన్ అవసరం కూడా అప్పుడే ఎక్కువ.

అందుకే అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మోల్టింగ్ ఎక్కువని గమనించిన రైతులు మేత తగ్గించి, ఏరేటర్లు ఆపకుండా తిప్పుతారు.

అసలు దొంగ ఈహెచ్‌పీ

అన్నీ బాగున్నా ఎదగకపోతే ఈహెచ్‌పీని అనుమానించాలి. 2009లో థాయిలాండ్ శాస్త్రవేత్తలు పేరుపెట్టిన ఈ సూక్ష్మజీవి, రొయ్యలో ఆహారాన్ని అరిగించి శక్తిని దాచుకునే గ్రంథిలో చేరి ఆ శక్తిని దోచుకుంటుంది. రొయ్యలు ఒక్కసారిగా చావవు. తింటూనే గిడసబారిపోతాయి. మేత ఖర్చు మాత్రం ఆగదు. తగ్గించడానికి నమ్మకమైన మందు లేదు. సీడ్ కొనేముందే పీసీఆర్ పరీక్ష చేయించడం, పంట పంటకీ మధ్య చెరువును బాగా ఎండబెట్టి శుభ్రం చేయడం.. రైతు చేతిలో ఉన్న దారులు ఇవే.

కౌంట్ కదలనప్పుడు మేత పెంచడం కాదు, ముందు పెంకు ఎలా ఉందో చూడాలి. చెక్ ట్రేలో విడిచిన పెంకులు కనిపిస్తున్నాయా? కొత్త పెంకు గట్టిపడుతోందా? రొయ్యలన్నీ ఒకే సైజులో ఉన్నాయా? ఈ మూడింటికీ జవాబు దొరికితే లోపం నీటిలో ఉందో, సీడ్‌లో ఉందో సగం తెలిసినట్టే.