మంటల్లోంచి లేచిన ఇల్లు

1709 ఫిబ్రవరి 9. అర్ధరాత్రి కావస్తోంది. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో ఎప్‌వర్త్ అనే ఊరు. అక్కడి పాదరీ శామ్యూల్ వెస్లీ ఇల్లు తగలబడుతోంది. కలపతో కట్టి, పైన గడ్డి కప్పిన ఇల్లది. అందరూ బయటపడ్డారు... ఐదేళ్ల జాన్ తప్ప! మెట్లకు నిప్పంటుకుంది. పిల్లాడు పెట్టె మీదికెక్కి కిటికీలోంచి కేకలేశాడు. నిచ్చెన తెచ్చే వ్యవధి లేదు. ఒకరి భుజాల మీద ఒకరెక్కి వాణ్ని దించేశారు. ఆ వెంటనే కప్పు కూలిపోయింది.

పాదరీ కాపురానికి చర్చి ఇచ్చే ఇలాంటి ఇంటిని రెక్టరీ అంటారు. కాలిపోయిన చోటే కొత్తది లేచింది. ఈసారి కలప కాదు, ఇటుక. తీరుగా అమర్చిన కిటికీలతో అప్పటి క్వీన్ ఆన్ శైలిలో కట్టారు. 1711-12లో భర్త లండన్ వెళ్లినప్పుడు సుసానా వంటగదిలో ప్రార్థనలు జరిపితే, దాదాపు 200 మంది వచ్చేవారు. 1716 డిసెంబరులో వింత చప్పుళ్లు మొదలైతే, పిల్లలు ఆ 'దయ్యానికి' ఓల్డ్ జెఫ్రీ అని పేరుపెట్టారు!

జాన్ వెస్లీ పెద్దయ్యాక మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడయ్యాడు. ఆ సంఘం మిషనరీ చార్లెస్ పాస్నెట్ కట్టించిందే 1924 క్రిస్మస్‌నాడు ప్రారంభమైన మన మెదక్ చర్చి. ఎప్‌వర్త్ ఇల్లు 1957లో మ్యూజియం అయింది. ఆ రాత్రి ఇరుగుపొరుగు భుజం అందించకపోతే... ఈ కథే ఉండేది కాదు.