కప్ప వేరు, బొమ్మ వేరు

తొలకరి పడితే దివిసీమ వరిమళ్లు కప్పల బెకబెకలతో మారుమోగుతాయి. ఒకప్పుడు మచిలీపట్నం, గుడివాడ వంటి ఊళ్లలో జంతుశాస్త్రం చదివే విద్యార్థుల డిసెక్షన్ బల్లపైకి కప్పలు చేరేవి. క్లోరోఫాం వాసనకు కప్ప కాళ్లు తన్నుకునేది. బతకాలని దానికెవరు నేర్పారు?

బొమ్మ సంగతి వేరు. హజ్రత్ ఆయిషా (ర) బొమ్మల్లో రెక్కల గుర్రం ఒకటుండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగారు. సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అన్నారామె. ఆయన పళ్లు కనిపించేలా నవ్వారు. ఎగరాలన్న కోరిక ఆయిషా (ర)దే, ఆ గుర్రానిది కాదు. బొమ్మ కాలు విరిగితే ఏడ్చేదీ పాపే.

తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే మన పిల్లలకు ఈ తేడా ఎవరు చెప్పాలి? దారం పిల్లవాడిదే కావచ్చు, ఎగిరిపోవాలన్న తపన మాత్రం తూనీగది.

మందులో కప్పను వాడవచ్చునా అని ఒక వైద్యుడు అడిగితే, దాన్ని చంపవద్దని ప్రవక్త (స) వారించినట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. అడిగింది వైద్యం కోసమే సుమా!

జంతుశాస్త్ర తరగతుల్లో ఈ కోతలు ఆపాలని 2014లో యూజీసీ ఆదేశించింది. వాటికి బదులు నమూనాలు, కంప్యూటర్ బొమ్మలు వాడమంది. రబ్బరు కప్పనైతే విప్పి, గుండె చూసి, మళ్లీ మూసి పక్క విద్యార్థికి అందించవచ్చు.