తప్పొప్పుల పట్టిక

పూర్వం అచ్చు పుస్తకాల చివర ‘తప్పొప్పుల పట్టిక’ అని ఒక పుట కనిపించేది. ఫలానా పుటలో, ఫలానా పంక్తిలో ఈ అక్షరానికి బదులు ఆ అక్షరం చదువుకొనవలెనని గ్రంథకర్త మనవి చేసేవాడు. 1902లో కృష్ణాపత్రిక వెలసిన బందరులోనైనా, మరే ఊరిలోనైనా, శ్రద్ధగల ఉపాధ్యాయుడు ఆ పట్టిక చూచి తన ప్రతిని కలంతో దిద్దుకొనేవాడు. కాని ఆ దిద్దుబాటు ఆ ఒక్క ప్రతిలోనే నిలిచిపోయేది. పొరుగువాని ప్రతిలో తప్పు తప్పుగానే ఉండేది.

ఈ అవరోధం తొలగిన క్షేత్రం ఈనాడు ఒకటున్నది. అదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని మూలాన్ని ఎవరైనా చదువవచ్చును, సవరించవచ్చును, పదిమందికి పంచవచ్చును. ఇటువంటి స్వేచ్ఛతోనే సిలికానాంధ్ర సంస్థ కొన్ని తెలుగు ఫాంటులను లోకానికి అందించినది. వానిలో ‘మండలి’ అనేది దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరిట వెలసినది. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన నాడు ఆయన విద్యామంత్రి. ‘ఎన్టీఆర్’ అనే ఫాంటు గుడివాడకు చేరువనున్న నిమ్మకూరులో 1923లో జన్మించిన నందమూరి తారక రామారావు పేరు ధరించినది.

పరికరం ఎంత గొప్పదైనా, దానిని వాడే తీరు చెప్పే కరదీపిక సరిగా లేకపోతే సామాన్యునికి అది అందని పండే. 1983లో గ్నూ ఉద్యమాన్ని ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, కరదీపికలు కూడా స్వేచ్ఛగా సవరించుకొనేటట్లు ఉండవలెనని వాదించారు. అందుకై 2000లో ప్రత్యేకమైన అనుమతి పత్రమే వెలువడినది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. విద్యార్థి ‘కంప్యూటర్‌లో’ అని వ్రాయబోతే, పొల్లు పోయి లవత్తు వచ్చి ‘కంప్యూటర్లో’ అని పడుతుంది. పొల్లు నిలువవలెనంటే కంటికి కనిపించని సంకేతమొకటి నడుమ చేర్చవలె. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కరదీపికలో ఈ ఒక్క వాక్యం లోపిస్తే, పిల్లవాడు తప్పు తనదేననుకొని తెలుగులో వ్రాయటమే మానుకొనవచ్చును. ఆ వాక్యం చేర్చటానికి ప్రోగ్రాములు వ్రాయటం రానక్కరలేదు.

నిజానికి ఇటువంటి లోపం నిపుణునికంటె కొత్తవానికే ముందు కనిపిస్తుంది. నిపుణుడు తనకు తెలిసిన మెట్టును చెప్పక దాటిపోతాడు; కొత్తవాడు అక్కడనే తట్టుకొని ఆగుతాడు. తరగతిలో “అర్థం కాలేదండీ” అని లేచే బాలుని విలువ తెలిసిన ఉపాధ్యాయులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే దిద్దేవానికి నియమం కావలె. ముందు తాను చేసి చూచి నిర్ధారించుకొనవలె. ఒకసారికి ఒకే మార్పు సూచించి, కారణం రెండు వాక్యాలలో తెలుపవలె. నిర్వాహకులు పరిశీలించి స్వీకరించవచ్చును, తిప్పి పంపనూవచ్చును. అందుకు నొచ్చుకొనరాదు. ఒప్పు ఎంత వేగంగా అందరికీ చేరుతుందో, తప్పుడు దిద్దుబాటూ అంత వేగంగానే చేరుతుంది కదా!

అవనిగడ్డ బడిలోని బాలిక చేర్చిన ఒక వాక్యం, అమెరికాలో తన బిడ్డకు తెలుగు నేర్పుకొనే తల్లికి దారి చూపవచ్చును. ఆ వాక్యం ఎవరిదో ఆ తల్లికి తెలియకపోవచ్చును. పిల్లవాని పలక మీద అక్షరం మాత్రం సరిగా నిలుస్తుంది.