బూరుగు చెట్టు కింద మాయా గుణింతం

మాయా నాగరికత అనగానే మనవాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి మయసభ. పేరు కలిసిందే కానీ ఆ మయుడికీ వీళ్లకూ ఏ చుట్టరికమూ లేదు. రెండోది 2012 డిసెంబరు 21. లోకం ఆ రోజుతో సరి అని టీవీలు హోరెత్తించాయి. నిజానికి మాయాల కాలగణనలో 13 బక్తూన్‌లు, అంటే 18,72,000 రోజులు నిండాయంతే. స్కూటరు మీటరులో అంకెలు తిరిగి సున్నాలకు వచ్చినట్టు.

ఆ యుగాంతం ఏడాదిలోనే మెక్సికోలోని యూకటాన్ రాష్ట్ర రాజధాని మెరిదాలో ‘గ్రాన్ మూసెయో దెల్ ముందో మాయా’ తలుపులు తెరిచింది. పేరుకు తగ్గట్టే పెద్ద మ్యూజియం. ఆకుపచ్చ లోహపు పట్టీలను అల్లి గాల్లో గుబురుగా నిలబెట్టినట్టుంటుంది భవనం. అది సేబా చెట్టుకు ప్రతిరూపం. సేబా మనకు పరాయిదేమీ కాదు. దిండ్లలో కూరే దూది ఇచ్చే తెల్లబూరుగే. మాయాలకు మాత్రం అది విశ్వానికి నడిమి స్తంభం. వేళ్లు పాతాళంలో, మాను మన లోకంలో, కొమ్మలు స్వర్గంలో.

లోపల ముందు నేల కథ. 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన ఉల్క పడింది ఈ యూకటాన్ అంచునే. ఆ తర్వాత నడక తిరగబడుతుంది. రాతి పనిముట్లతో మొదలుపెట్టి మన కాలానికి రావడం మ్యూజియాల అలవాటు కదా. ఇక్కడ మొదట ఎదురయ్యేది ఇవాళ్టి మాయాలు. తర్వాత స్పెయిన్ ఏలుబడి. పిరమిడ్లు కట్టిన పూర్వికులు చివర్న. ‘అంతరించిన జాతి’ అనే మాటకు ఈ వరుసే జవాబు. ఒక్క మెక్సికోలోనే యూకటాన్ మాయా భాష మాట్లాడేవాళ్లు ఏడు లక్షలకు పైన ఉన్నారు. వస్తువుల పక్కన వివరాలు స్పానిష్, ఇంగ్లిష్‌లతో పాటు ఆ భాషలోనూ ఉంటాయి. మన మ్యూజియాల్లో తెలుగు పలక కోసం వెతుక్కున్న అనుభవం ఉన్నవాళ్లకు ఇది కాస్త గుచ్చుకుంటుంది.

కాళ్లు ఆగిపోయేది లిపి చెక్కిన రాళ్ల దగ్గర. ముఖాలు, చేతులు, జంతువుల తలలు గళ్లలో ఇరికించినట్టుంటాయి. చూస్తే బొమ్మలు, చదివితే అక్షరాలు. వాటిని చదవడం రావడం వెనక ఒక విచిత్రం ఉంది.

1562 జులైలో మానీ అనే ఊళ్లో దియెగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి మాయా పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించాడు. చెట్టు బెరడుకు సున్నం పూసి మడతలుగా రాసుకున్న పుస్తకాలవి. ఇవాళ ప్రపంచంలో మిగిలినవి నాలుగే. ఆ చేత్తోనే తర్వాత లాందా మాయాల ఆచారాల గురించి ఓ గ్రంథం రాసుకున్నాడు. స్పానిష్ అక్షరాలకు సరిపడే మాయా గుర్తులేవో చెప్పమని వాళ్లనే అడిగాడు. ఆయన ‘బి’ అక్షరాన్ని స్పానిష్ పద్ధతిలో ‘బే’ అన్నాడు. మాయా లేఖకుడు ‘బే’కి గుర్తు గీశాడు. మాయాలో బే అంటే దారి, అందుకే అందులో పాదముద్ర. లాందా అడిగింది ఏబీసీడీలు, దక్కింది గుణింతం. క, కు వేర్వేరు గుర్తులని చెబితే తెలుగు పిల్లాడికి ఇట్టే అర్థమయ్యేది.

ఆ చిట్టాను పండితులు పనికిరాదని పక్కన పెట్టారు. 1952లో, మెక్సికో మొహం చూడకుండానే, సోవియట్ పండితుడు యూరీ క్నోరోజోవ్ దాన్ని పట్టుకున్నాడు. మిగిలిన ఆ మాయా పుస్తకాల్లో టర్కీ కోడి బొమ్మ పైన రెండు గుర్తులున్నాయి. మొదటిది లాందా చెప్పిన ‘కు’. మాయాలో ఈ కోడిని ‘కుత్స్’ అంటారు, కాబట్టి రెండోది ‘త్సు’ అయి ఉండాలి. కుక్క బొమ్మ పైన అదే ‘త్సు’ ముందుంది, వెనక లాందా ‘ల’కారానికిచ్చిన గుర్తు. కుక్కను ‘త్సుల్’ అంటారు. తాళం తెరుచుకుంది! చివరి ఉకారం రాతలోనే, పలకరు. బస్‌ను బస్సు చేసి పలికే మనకు ఇది సరదాగా ఉంటుంది.

లాందా చిట్టాతో పాటు ఓ వాక్యం కూడా ఉంది. అక్షరాలతో విసిగించి, చివరకు ఏదైనా వాక్యం రాసి చూపమన్నాడంటారు. మాయావాడు రాసిచ్చాడు: ‘మా ఇన్ కాతి’.

నాకిష్టం లేదు, అని.